సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌ను పరీక్షించి బాగుచేయడం ఎలా? సంస్థల కోసం సమగ్ర మార్గదర్శి

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు, ప్రధాన డేటాబేస్‌తో లంకె తెగిపోయిన రెండో డేటాబేస్ సర్వర్‌ను మళ్లీ సిద్ధం చేసే పనిలో ఉన్నారు. అందుకు వాడే పీజీ బేస్‌బ్యాకప్ అనే కమాండ్ నడుస్తోంది కానీ తెరపై ఏమీ కనిపించడం లేదు. ప్రధాన సర్వర్ డేటా పంపడం మొదలుపెట్టేదాకా ఆ కమాండ్ అలా మౌనంగా ఎదురుచూడడం మామూలే. ఆ సంగతి సంస్థ రన్‌బుక్‌లోనూ (సిస్టమ్‌ను నడిపేటప్పుడు ఏం చేయాలో మెట్టు మెట్టుగా చెప్పే పత్రం) స్పష్టంగా రాసి లేదు, ఆ కమాండ్‌కు ఉన్న అధికారిక పత్రంలోనూ లేదు. పాత డేటా డైరెక్టరీ అడ్డుపడుతోందేమోనన్న అనుమానంతో దాన్ని తుడిచేయబోయిన ఆ ఇంజినీరు, పొరపాటున ప్రధాన సర్వర్ మీద ఆదేశం ఇచ్చారు. క్షణాల్లో గ్రహించి ఆపేసరికే సుమారు 300 జీబీ డేటా పోయింది. రోజూ జరుగుతున్నాయనుకున్న బ్యాకప్‌లు వెర్షన్ తేడా వల్ల అసలు జరగడమే లేదని అప్పుడు తెలిసింది. బ్యాకప్ విఫలమైందని చెప్పవలసిన ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. దాదాపు ఆరు గంటల ముందు తీసి ఉంచిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణంలోని డేటా నకలు) నుంచి సైట్‌ను నిలబెట్టగలిగారు. ఈ వివరాలన్నిటినీ ఆ సంస్థ తనకు తానుగా బహిరంగంగా ప్రచురించింది. అందువల్లనే మనం ఇవాళ దాని నుంచి నేర్చుకోగలుగుతున్నాం.

ఆ సంస్థకు రన్‌బుక్ ఉందన్న విషయాన్ని ఇక్కడ గమనించాలి. పేజీలు లెక్కపెట్టే ఆడిట్ ఏదైనా దానికి మంచి మార్కులే వేసి ఉండేది. లోపించినది ‘ఈ కమాండ్ కొంతసేపు ఏమీ చెప్పకుండా ఆగి ఉంటుంది, అది మామూలే’ అన్న ఒక్క వాక్యం. అలాంటి వాక్యం లేదని కనిపెట్టాలంటే పత్రాన్ని చదవడం చాలదు. ఆ పనిని ఇంతకుముందు చేయని మనిషి చేతికి పత్రం ఇచ్చి, మాట్లాడకుండా పక్కన కూర్చోవాలి. ఈ మార్గదర్శి అంతా ఆ పద్ధతి చుట్టూ అల్లినదే. ఇరవై మంది ఇంజినీర్లు ఉన్న చిన్న కంపెనీ నుంచి కొన్ని వందల మంది ఉన్న విభాగం దాకా, తమ సిస్టమ్‌ల గురించి తమవాళ్ల కోసమే రాసుకునే పత్రాలను బాగుచేయాలనుకునే వారిని దృష్టిలో పెట్టుకొని దీన్ని రాశాను.

మొదటి అడుగు: ప్రశ్నలు పోగుచేయండి

డాక్యుమెంటేషన్ బాగా లేదని అందరూ ఒప్పుకుంటారు. ఏది బాగా లేదని అడిగితే మాత్రం తలా ఒక మాట చెబుతారు. కాబట్టి అభిప్రాయ సేకరణతో మొదలుపెట్టకండి. జనం ఇప్పటికే అడిగిన ప్రశ్నలను వెతికి తీయండి. టీమ్స్‌లోనో స్లాక్‌లోనో గత 60 రోజుల సందేశాలు చూస్తే ‘ఎవరికైనా తెలుసా’ అని మొదలయ్యేవి ఎన్నో దొరుకుతాయి. వాటితో పాటు ఇన్సిడెంట్ టికెట్లలోని వ్యాఖ్యలు, గత ఆరు నెలల్లో చేరినవారు మొదటి వారంలో అడిగిన సందేహాలు, మన ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌తో మాట్లాడే ద్వారం) వాడుకునే పక్క టీమ్ పంపిన మెయిళ్లు, ఆడిటర్లు పంపిన ప్రశ్నావళి చూడండి. ప్రశ్నను అడిగినవారి మాటల్లోనే రాసుకోవాలి. ‘రీఫండ్ ఆగిపోతే ఎవరిని పట్టుకోవాలి?’ అని ఎవరైనా అడిగితే దాన్ని ‘ఎస్కలేషన్ మ్యాట్రిక్స్’ అని మార్చి రాయకండి. ఆ మనిషి రేపు వెతికేది కూడా తన మాటలతోనే.

ముప్పై నలభై ప్రశ్నలు పోగయ్యాక ఒక్కో ప్రశ్న పక్కన రెండు సంగతులు రాయండి. మొదటిది, అడిగేది ఎవరు: కొత్తగా చేరినవారా, అర్ధరాత్రి ఆన్‌కాల్‌లో (సమస్య వస్తే వెంటనే స్పందించే వంతులో) ఉన్నవారా, మన సిస్టమ్‌తో తమ సిస్టమ్‌ను కలుపుకునేవారా, లేక లెక్కలు అడిగే ఆడిటరా. రెండవది, జవాబు దొరకకపోయినా, తప్పుగా దొరికినా ఏమవుతుంది: ఒకరి పూట వృథా అవుతుందా, కస్టమర్ డబ్బు ఇరుక్కుంటుందా.

ఈ రెండవ సంగతిని తేలిగ్గా తీసుకోకూడదు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థ, ఎనిమిది సర్వర్లలో పెట్టవలసిన కొత్త కోడ్‌ను ఒక సర్వర్‌లో పెట్టడం మరిచిపోయింది. ఆ ఒక్క సర్వర్‌లో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న పాత కోడ్ మళ్లీ పనిలోకి దిగి, సుమారు 45 నిమిషాల్లో లక్షల కొద్దీ తప్పుడు ఆర్డర్లను మార్కెట్‌లోకి పంపింది. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. ఆ తరువాత విచారించిన అక్కడి నియంత్రణ సంస్థ ఎస్ఈసీ, ఇలాంటి డిప్లాయ్‌మెంట్‌ను మరో వ్యక్తి సరిచూడాలని చెప్పే రాతపూర్వక విధానం ఆ సంస్థలో లేదని 2013 నాటి ఉత్తర్వులో నమోదు చేసింది. మీ జాబితాలో కూడా డిప్లాయ్‌మెంట్ (కొత్త కోడ్‌ను సర్వర్లలో పెట్టడం), రోల్‌బ్యాక్ (దాన్ని వెనక్కి తీసి పాత కోడ్‌కు మళ్లడం), బ్యాకప్ నుంచి తిరిగి తేవడం, డబ్బు కదిలే పనులు పైవరుసలో ఉండాలి. కోడింగ్ ప్రమాణాలు, సమావేశాల మినిట్స్ వంటివి తరువాత చూసుకోవచ్చు.

రెండవ అడుగు: ఉన్నవాటిని లెక్కలోకి తీసుకోండి

పత్రాలు ఒకే చోట ఉండే సంస్థను నేను ఇంతవరకు చూడలేదు. కాన్‌ఫ్లుయెన్స్‌లో కొన్ని, షేర్‌పాయింట్‌లో కొన్ని, కోడ్ రిపోజిటరీల్లో (కోడ్ భద్రపరిచే చోట్లలో) రీడ్‌మీ అనే పరిచయ ఫైళ్లు, గూగుల్ డాక్స్, మెయిల్‌లో చేతులు మారే ఎక్సెల్ షీట్లు, చివరికి ఒక సీనియర్ ల్యాప్‌టాప్‌లో ఉన్న నోట్‌ప్యాడ్ ఫైలు. ఒక షీట్ తెరిచి ప్రతి పత్రానికీ లింకు, ఏ సిస్టమ్‌కు చెందినది, యజమాని (దాన్ని సరిగా ఉంచే బాధ్యత ఉన్నవారు) ఎవరు, ఆ యజమాని ఇప్పటికీ సంస్థలో ఉన్నారా, గత 90 రోజుల్లో ఎందరు చూశారు అన్నవి నింపండి. చివరిసారి మార్చిన తేదీని నమ్మకండి. అక్షర దోషం దిద్దినా, పేజీని ఒక ఫోల్డర్ నుంచి మరో ఫోల్డర్‌కు జరిపినా ఆ తేదీ మారిపోతుంది. విషయం చివరిసారి ఎప్పుడు మారిందో చరిత్ర తెరిచి చూడాలి.

ఈ దశలో నాణ్యత గురించి వాదించుకోకండి. పని రెండు రోజుల్లో ముగియాలి. ఒక్క విషయంలో మాత్రం ఆగాలి: వికీ పేజీల్లో పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు తప్పకుండా కనిపిస్తాయి. కనిపించిన వెంటనే పేజీ నుంచి తీసేస్తే సరిపోదు, పాత వెర్షన్లలో అవి అలాగే ఉంటాయి. ఆ కీని రద్దు చేసి కొత్తది ఇప్పించి, అప్పుడు ముందుకు సాగండి.

మూడవ అడుగు: పని పరీక్ష

అన్ని అడుగుల్లోకీ ముఖ్యమైనది ఇదే. మొదటి అడుగులోని ప్రశ్నల నుంచి ప్రమాదం ఎక్కువ ఉన్న ఎనిమిదో పదో ఎంచుకోండి. ఆ సిస్టమ్‌తో పరిచయం లేని, సాంకేతికంగా మాత్రం సమర్థులైన ఇద్దరు ముగ్గురిని తీసుకోండి. ఒక్కో పనికి 45 నిమిషాలు ఇవ్వండి. వారు మీ సంస్థ పత్రాలను ఎంతైనా వెతకవచ్చు కానీ ఎవరినీ అడగకూడదు. గమనించేవారు పక్కన కూర్చొని రాసుకోవాలి, సాయం చేయకూడదు. ఇది మనుషులకు పెట్టే పరీక్ష కాదని, పత్రానికి పెట్టే పరీక్ష అని ముందే చెప్పండి, ఆ మాటకు కట్టుబడండి. ఎవరి పేరునూ నివేదికలో రాయవద్దు.

ఒక చెల్లింపుల సంస్థలో జరిగిన ఇలాంటి పరీక్షలో నేను పక్కన కూర్చున్నాను. రెండు వారాల కిందట చేరిన అమ్మాయికి, తన ల్యాప్‌టాప్‌లో రీఫండ్ సర్వీస్‌ను నడిపి చూపమని పని ఇచ్చారు. రీడ్‌మీలో నాలుగవ మెట్టు దగ్గర ‘కాన్ఫిగ్ ఫైలును కాపీ చేసుకోండి’ అని ఉంది. రిపోజిటరీలో అలాంటి నమూనా ఫైళ్లు రెండు ఉన్నాయి. ఏది తీసుకోవాలో రాసి లేదు. ఆమె ముందు కనిపించినదాన్ని తీసుకుంది. సర్వీస్ పైకి లేచింది, అయితే లాగిన్ దగ్గర సర్టిఫికెట్ లోపమని చెప్పి ఆగిపోయింది. లోపం సర్టిఫికెట్‌లో లేదు, తాను ఎంచుకున్న పాత ఫైలులో ఉంది. ఆ సంగతి తెలియక ఇరవై నిమిషాలకు పైగా సర్టిఫికెట్ల మీదనే వెచ్చించింది. మధ్యలో రెండు మూడు సార్లు చెయ్యి టీమ్స్ మీదికి వెళ్లడం, నియమం గుర్తొచ్చి వెనక్కి రావడం నేను చూశాను. తరువాతి పనిలో ‘రీఫండ్ ఆగిపోయింది’ అన్న అర్థం వచ్చేలా నాలుగు విధాలుగా వెతికినా ఏమీ దొరకలేదు. కావలసిన పేజీ ఉంది. దాని శీర్షిక ‘ఆర్ఎస్ఎం వర్క్‌ఫ్లో ఓవర్‌వ్యూ’. ఆర్ఎస్ఎం అంటే ఆ టీమ్ భాషలో రీఫండ్ స్టేట్ మెషీన్ అని. కొత్తగా వచ్చిన మనిషికి అది ఎలా తెలుస్తుంది?

పరీక్ష అయ్యాక ఆ ఫైలు సంగతి చెబితే టీమ్‌లోని పెద్దవారు ‘అది అందరికీ తెలిసిందే కదా’ అన్నారు. ఆ మాట ఎక్కడ వినబడితే అక్కడ ఒక పత్రం తక్కువైందని గుర్తుపెట్టుకోండి.

గమనించేవారు ప్రతి అవాంతరాన్నీ ఐదు రకాల్లో ఒకటిగా గుర్తించాలి: సమాచారం అసలు లేదు, ఉంది కానీ దొరకలేదు, రెండు చోట్ల రెండు జవాబులు ఉన్నాయి, దొరికింది కానీ తప్పు, దొరికింది కానీ అర్థం కాలేదు. ఈ విభజన ఎందుకంటే ఒక్కోదానికి మందు వేరు. లేనిదానికి రాయాలి. దొరకనిదానికి శీర్షిక మార్చాలి, లింకు పెట్టాలి. రెండు జవాబులున్నచోట ఒకదాన్ని తీసేయాలి. తప్పుగా ఉన్నదానికి యజమానిని నియమించాలి. అర్థం కానిదానికి తిరగరాయాలి. చాలా సంస్థలు ఐదింటికీ ఒకటే మందు వాడతాయి, అదేమిటంటే మరిన్ని పేజీలు రాయడం. దానితో రెండవ రకం, మూడవ రకం లోపాలు ఇంకా పెరుగుతాయి.

రన్‌బుక్‌ల విషయంలో ఇంకొక మెట్టు ఎక్కాలి. స్టేజింగ్ సర్వర్‌లో (కస్టమర్లు వాడని, పరీక్షల కోసం ఉంచిన సర్వర్‌లో) నిజంగానే ఒక సర్వీస్‌ను పడగొట్టి, ఎప్పుడూ రోల్‌బ్యాక్ చేయని వ్యక్తితో రన్‌బుక్ చూసి చేయించాలి. బ్యాకప్ నుంచి డేటాబేస్‌ను తిరిగి తెచ్చే పత్రాన్ని మూడు నెలలకు ఒకసారైనా ఇలా నడిపి చూడాలి. నడిపి చూడని బ్యాకప్ పత్రానికి నేనైతే సున్నా వేస్తాను.

నాలుగవ అడుగు: లెక్క కట్టడం, యాజమాన్యానికి చెప్పడం

మార్కులు వేసే పద్ధతి ఎంత చిన్నదిగా ఉంటే అంత మంచిది. ఒక్కో ప్రశ్నకు పని పరీక్షలో వచ్చిన ఫలితాన్ని బట్టి 0 నుంచి 3 వేయండి. పని పూర్తి కాకపోతే 0, తప్పు దారి పట్టి ఎలాగో పూర్తయితే 1, ఆలస్యంగా పూర్తయితే 2, సాఫీగా సాగితే 3. ప్రమాదం ఎక్కువ ఉన్న ప్రశ్నల్లో 0, 1 వచ్చినవే మీ మొదటి పని జాబితా. మొత్తం కూడి సగటు తీయకండి. సగటు 2 వచ్చినా, బ్యాకప్ ప్రశ్నకు 0 ఉంటే ఆ సగటు మిమ్మల్ని కాపాడదు.

మన దగ్గర సర్వీసెస్ కంపెనీల్లో సర్టిఫికెట్ స్థాయిలకు అలవాటుపడి, డాక్యుమెంటేషన్‌కు కూడా ఒకటి నుంచి ఐదు దాకా పరిపక్వత స్థాయిలు కట్టే పద్ధతి ఉంది. అది నాకు సమ్మతం కాదు. ‘మనం మూడవ స్థాయిలో ఉన్నాం’ అన్న వాక్యం రేపు ఉదయం ఏ పేజీలో ఏ వాక్యం దిద్దాలో చెప్పదు. ‘పది పనుల్లో నాలుగు పూర్తి కాలేదు, వాటిలో ఒకటి రోల్‌బ్యాక్’ అన్న వాక్యం చెబుతుంది. సమయం అడగడానికి యాజమాన్యం ముందుకు వెళ్లినప్పుడు కూడా ఈ రెండవ వాక్యంతోనే వెళ్లండి. బయటి ఆధారం కావాలంటే సాఫ్ట్‌వేర్ టీమ్‌ల పనితీరును అధ్యయనం చేసే, గూగుల్ క్లౌడ్‌కు చెందిన డోరా బృందం 2021 నివేదికను చూపవచ్చు. నాణ్యమైన డాక్యుమెంటేషన్ ఉన్న టీమ్‌లు సాఫ్ట్‌వేర్ డెలివరీలో, నిర్వహణలో మెరుగైన పనితీరు చూపే అవకాశం 2.4 రెట్లు ఎక్కువని అందులో ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పక వస్తుంది: ‘మనం ఎజైల్ కదా, పత్రాలు ఎందుకు?’ ఎజైల్ అంటే సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతల్లో తయారుచేసే పద్ధతి. 2001లో 17 మంది కలిసి ప్రకటించిన ఎజైల్ మేనిఫెస్టో, సమగ్ర డాక్యుమెంటేషన్ కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ విలువ ఇస్తామన్నది నిజమే. అయితే ఆ జాబితా ముగించే చివరి వాక్యంలో డాక్యుమెంటేషన్ వంటివాటికీ విలువ ఉందని చెప్పింది. ఆ చివరి వాక్యాన్ని సమావేశంలో చదివి వినిపించండి.

ఐదవ అడుగు: ముందు తీసివేయండి

కొత్తది రాసే ముందు పాతది తీసేయాలి. రెండేళ్లుగా ఎవరూ చూడనివి, మూతపడిన సిస్టమ్‌లకు చెందినవి, ఒకే విషయం మీద ఉన్న మూడు పేజీల్లో రెండు వెతుకులాటలో కనబడకుండా ఆర్కైవ్‌కు పంపండి. పూర్తిగా చెరిపేయవలసిన పని లేదు, పైన ‘ఇది పాతబడింది, ప్రస్తుత పేజీ ఇక్కడ ఉంది’ అని లింకు పెడితే చాలు. ఒక్క రకం పత్రాలకు మాత్రం మినహాయింపు ఉంది: ఎప్పుడో తీసుకున్న డిజైన్ నిర్ణయాల నమోదులు. అవి పాతబడడమే వాటి స్వభావం. అప్పుడు ఎందుకలా చేశారో తెలిసేది వాటి వల్లనే.

ఆరవ అడుగు: తిరగరాయడం

తిరగరాసేటప్పుడు ఒక పేజీ ఒకే పని చేయాలి. డానియెలె ప్రోచిడా రూపొందించిన డయాటాక్సిస్ అనే చట్రం ఇందుకు బాగా పనికొస్తుంది. అది పత్రాలను నాలుగుగా విడదీస్తుంది: చెయ్యి పట్టుకొని నేర్పే పాఠం, ఒక పని ఎలా చేయాలో చెప్పే మార్గదర్శి, చూసుకోవడానికి ఉపయోగపడే రెఫరెన్స్, ఎందుకిలా ఉందో చెప్పే వివరణ. అర్ధరాత్రి అలర్ట్ వచ్చిన మనిషికి మెట్లు కావాలి. ఆ మెట్ల మధ్య సిస్టమ్ చరిత్ర మూడు పేరాలు ఉంటే ఆ మనిషి దారి తప్పుతారు. చరిత్రను వేరే పేజీలో పెట్టి లింకు ఇవ్వండి.

రన్‌బుక్‌లో ఒక భాగాన్ని దగ్గరగా చూద్దాం. చాలాచోట్ల ఇలా ఉంటుంది:

‘క్యూ నిండిపోయినట్లయితే అవసరమైన చర్యలు తీసుకొని సర్వీస్‌ను రీస్టార్ట్ చేయవలెను. సమస్య కొనసాగినచో సంబంధిత టీమ్‌ను సంప్రదించవలెను.’

దీనిలో ఏ చర్యలో లేదు, ఏ టీమో లేదు, ఎంతసేపు చూడాలో లేదు, రీస్టార్ట్ చేయకూడని సందర్భం ఉందో లేదో కూడా లేదు. అదే విషయాన్ని తెలిసిన మనిషితో మాట్లాడి ఇలా మార్చవచ్చు:

‘ఎప్పుడు వాడాలి: రీఫండ్ క్యూలో ఆగిన సందేశాలు 5,000 దాటాయని అలర్ట్ వచ్చినప్పుడు. ముందు చూడవలసినది: బ్యాంకు గేట్‌వే డ్యాష్‌బోర్డు. అక్కడ 503 లోపాలు కనిపిస్తే సమస్య బ్యాంకు వైపు ఉన్నట్టు. అప్పుడు రీస్టార్ట్ చేయవద్దు, సగంలో ఉన్న రీఫండ్లు రెండోసారి వెళ్లే ప్రమాదం ఉంది. 503 లోపాలు లేకపోతే కన్సూమర్‌లను (క్యూలోని సందేశాలను తీసుకొని పని చేసే ప్రోగ్రామ్‌లను) ఒక్కొక్కటిగా రీస్టార్ట్ చేయండి. ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో తెరపై ఏమీ కనిపించదు, అది మామూలే, మళ్లీ ఆదేశం ఇవ్వవద్దు. 15 నిమిషాల్లో సంఖ్య తగ్గడం మొదలు కాకపోతే చెల్లింపుల టీమ్ ఆన్‌కాల్‌ను పేజ్ చేయండి.’

మంచి రన్‌బుక్‌కు కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి: ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, సరిగా జరుగుతుంటే ఏం కనిపిస్తుంది, ఎంతసేపు ఆగాలి, ఎవరిని పిలవాలి. వీటిలో ‘సరిగా జరుగుతుంటే ఏం కనిపిస్తుంది’ అన్నదాన్నే అందరూ మరిచిపోతారు. గిట్‌ల్యాబ్ ఘటనలో లోపించిన వాక్యం కూడా ఆ జాతిదే.

భద్రతా ఘటనల రన్‌బుక్‌లో చట్టపరమైన గడువులు కూడా ఉండాలి. 2022 ఏప్రిల్ 28న సైబర్ భద్రతా ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలో సంస్థలు నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి. ఆరు గంటల గడియారం నడుస్తుండగా ఎవరు, ఏ ఫారంలో, ఏ వివరాలు పంపాలో వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

నిర్ణయాల నమోదుకు మైకేల్ నైగార్డ్ 2011లో ప్రతిపాదించిన ఏడీఆర్ (ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్) పద్ధతి చాలు: సందర్భం, నిర్ణయం, దాని స్థితి, దాని పర్యవసానాలు. ఒకటి రెండు పేజీలు మించకూడదు. ఇందులో ప్రాణం పర్యవసానాల భాగంలో ఉంటుంది. ‘ఈ దారి ఎంచుకున్నందువల్ల ఇది మనకు కష్టమవుతుంది’ అని నిజాయితీగా రాసినవే మూడేళ్ల తరువాత కూడా పనికొస్తాయి. సిస్టమ్ బొమ్మలకు సైమన్ బ్రౌన్ సీ4 పద్ధతిలోని పై రెండు మెట్లు, అంటే చుట్టూ ఉన్న మనుషులు, సిస్టమ్‌లు చూపే బొమ్మ, లోపలి ప్రధాన భాగాలు చూపే బొమ్మ, చాలా సంస్థలకు సరిపోతాయి. అంతకన్నా లోతైన బొమ్మలు కోడ్ మారినంత వేగంగా పాతబడతాయి.

భాష గురించి ఒక మాట. హైదరాబాద్‌లో ఎన్నో టీమ్‌లు చర్చలన్నీ తెలుగులో జరుపుకొని, పత్రం దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లిష్‌లోకి మారతాయి. డిజైన్‌ను తెలుగులో పది నిమిషాలు అద్భుతంగా వివరించిన మనిషి, రాయమంటే వెనక్కి తగ్గుతారు. రాసిన నాలుగు వాక్యాల్లో వ్యాకరణ దోషాలు వెతికి పదిమందిలో చూపిన చోట ఆ మనిషి మళ్లీ ఎప్పుడూ రాయరు. సమీక్షలో ముందు విషయం సరిగా ఉందో లేదో చూడండి, భాషను సమీక్షకులే మాట్లాడకుండా దిద్దండి. తెలుగులో చెప్పించి రికార్డు చేసి, ఇంకొకరు ఇంగ్లిష్‌లో రాసి, చెప్పినవారికి చూపించడం కూడా చక్కని మార్గం.

ఏడవ అడుగు: యజమానులు, కేటీ, రోజువారీ పని

నోటీస్ పీరియడ్ చివరి రెండు వారాల్లో కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే వెళ్లేవారు తమ పని సంగతులు అప్పగించడం) పెట్టడం మన కంపెనీల్లో మామూలు పద్ధతి. వెళ్లేవారు గంటల కొద్దీ మాట్లాడతారు, వినేవారు తల ఊపుతారు, రికార్డింగ్‌లు ఒక ఫోల్డర్‌లోకి చేరతాయి. రెండు గంటల వీడియోలో రోల్‌బ్యాక్ గురించి చెప్పిన నాలుగు నిమిషాలు ఎక్కడున్నాయో ఆపద వేళ ఎవరూ వెతకలేరు. దీన్ని తిరగేయండి. అందుకునేవారే పత్రం రాయాలి, వెళ్లేవారు దాన్ని దిద్దాలి. రాయబోయినప్పుడే తమకు ఏది అర్థం కాలేదో అందుకునేవారికి తెలుస్తుంది, అడగడానికి మనిషి ఇంకా ఉన్నప్పుడే తెలుస్తుంది. చివరి వారంలో అందుకునేవారు ఆ పత్రం చూసి ఒక డిప్లాయ్‌మెంట్, ఒక రోల్‌బ్యాక్ చేసి చూపాలి. రివర్స్ కేటీ అని కొన్నిచోట్ల ఇప్పటికే పేరుంది. అయితే ఎక్కువచోట్ల అది తిరిగి స్లైడ్లు చూపించడంతో ఆగిపోతోంది. స్లైడ్లు కాదు, పని చేసి చూపించాలి.

పత్రానికి యజమానిగా టీమ్‌ను నియమించండి, వ్యక్తిని కాదు. వ్యక్తులు మారతారు. వీలైనంతవరకు పత్రాలను కోడ్ ఉన్న రిపోజిటరీలోనే మార్క్‌డౌన్ ఫైళ్లుగా ఉంచి, గిట్‌హబ్ కోడ్ఓనర్స్ వంటి సదుపాయంతో ఆ ఫోల్డర్ మార్పులు సంబంధిత టీమ్ సమీక్షకు వెళ్లేలా చేయండి. సిస్టమ్ ప్రవర్తన మార్చే ప్రతి పుల్ రిక్వెస్ట్‌లోనూ (కోడ్ మార్పును సమీక్షకు పెట్టే ప్రతిపాదన) పత్రం మార్పు కూడా ఉందా అని సమీక్షకులు అడగాలి. తెగిన లింకులు వెతకడం లింకు తనిఖీ పరికరాలతో, పదాల వాడుక ఒకేలా ఉందో చూడడం వేల్ వంటి రాత తనిఖీ పరికరాలతో యాంత్రికంగా జరిగిపోవాలి. ఏపీఐ రెఫరెన్స్‌ను చేత్తో రాయకుండా ఓపెన్ఏపీఐ (ఏపీఐని యంత్రం చదవగల రూపంలో వర్ణించే ప్రమాణం) వివరణ నుంచి తయారుచేసుకోవాలి.

కోడ్‌ను చూపి ఏఐతో పత్రాలు రాయించడం ఇప్పుడు సులువైంది. కోడ్ ఏం చేస్తుందో అది చెప్పగలదు. ఎందుకలా చేయవలసి వచ్చిందో కోడ్‌లో లేకపోతే దానికీ తెలియదు, ఊహించి రాస్తుంది. అందుకే అలాంటి ముసాయిదాను తెలిసిన మనిషి వాక్యం వాక్యం సరిచూడకుండా ప్రచురించకూడదు. మీ పత్రాల మీద చాట్‌బాట్ పెట్టాలనుకుంటే ఐదవ అడుగు ముందుగా పూర్తి చేయండి. ఆర్కైవ్ చేయని పాత పేజీలోని తప్పును అది ఎంతో నమ్మకంగా వినిపిస్తుంది.

ఎనిమిదవ అడుగు: మళ్లీ పరీక్షించడం

మూడు నెలల తరువాత అవే ప్రశ్నలతో పని పరీక్ష మళ్లీ పెట్టండి. పాల్గొనేవారు మాత్రం కొత్తవారై ఉండాలి. మొదటిసారి పాల్గొన్నవారికి జవాబులు గుర్తుంటాయి కాబట్టి వారి ఫలితం పత్రం గురించి ఏమీ చెప్పదు. చిన్న సంస్థల్లో ఇది కష్టం. అప్పుడు పక్క టీమ్ వారిని అడగండి, లేదా కొత్తగా చేరే ప్రతి ఒక్కరి మొదటి వారంలో ఒక గంటను ఇందుకు కేటాయించండి. వారికి తగిలిన ప్రతి అవాంతరాన్నీ వారితోనే దిద్దించి, వారి పేరు మీదనే పుల్ రిక్వెస్ట్ పెట్టించండి. చేరిన కొద్ది వారాల్లోనే ఆ రీడ్‌మీ నాలుగవ మెట్టులో సరైన ఫైలు పేరు రాసిన మనిషికి, ఆ సిస్టమ్‌లో తన చెయ్యి కూడా ఉందన్న భావన అప్పుడే మొదలవుతుంది. పైన చెప్పిన అమ్మాయి చేసిన మొదటి మార్పు అదే. పాత నమూనా ఫైలును తొలగించి, సరైనదాని పేరు రాసి, ‘సర్టిఫికెట్ లోపం వస్తే ముందు ఈ ఫైలు చూసుకోండి’ అని ఒక వరుస చేర్చింది.